చార్టులో పక్కపక్కనే ఉన్నా ఒకటి కాదు: రివాల్వర్ తూటాల్లో వాడే పౌడర్ల సంగతి

ఈ ఎపిసోడ్ కొంచెం స్లోగా వెళ్తుంది, ఓపిక పట్టండి. తొందరపడితే వేళ్ళు పోయే సబ్జెక్ట్ ఇది.

పోయిన వారం నార్త్ కరోలినా నుంచి ఒక తమ్ముడు నాకు ఫోటో పంపించాడు. షాపు అరలో ఒక ప్లాస్టిక్ డబ్బా, దాని మీద టైట్‌గ్రూప్ అని రాసుంది. కింద మెసేజ్ ఏంటంటే, "అన్నా, నేను ఎప్పుడూ హెచ్‌పీ-38 వాడతాను, అది ఎక్కడా దొరకట్లేదు. చార్టులో ఈ రెండూ దగ్గర దగ్గరే ఉన్నాయి కదా, అదే కొలత వేసేయొచ్చా?" అని. వద్దు అని ఒక్క ముక్కలో రిప్లై పెట్టేశాను, ఎందుకంటే అతను అప్పటికి షాపులోనే ఉన్నాడు. కానీ ఎందుకు వద్దో చెప్పాలంటే మెసేజ్‌లో కుదరదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు చట్టం సంగతి చెప్పేసి పక్కన పెడతాను. నేను మాట్లాడేది అమెరికాలో హ్యాండ్‌లోడింగ్ గురించి, అంటే వాడేసిన ఇత్తడి కేసులు ఏరి తెచ్చుకుని ఇంట్లోనే మళ్ళీ తూటాలు తయారు చేసుకునే హాబీ. ఇక్కడ టెక్సాస్‌లో ఇది మామూలు విషయం, పెద్ద స్పోర్టింగ్ షాపుల్లో పౌడర్ డబ్బాలు అరల మీద ఉంటాయి. ఇండియాలో ఇది కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారు చేయడం నేరం. తుపాకీ పెట్టుకోవడానికి ఇచ్చే లైసెన్స్, తూటా తయారీకి లైసెన్స్ కాదు. కాబట్టి హైదరాబాద్‌లో, విజయవాడలో చూస్తున్నవాళ్ళు దీన్ని సైన్స్ క్లాస్ లాగా వినండి.

ఇంకోటి, అమెరికాలో చదువుకి, ఉద్యోగానికి వచ్చిన మనవాళ్ళకి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. ఇది ఫెడరల్ చట్టం. రూమ్మేట్‌కి గ్రీన్ కార్డ్ ఉంది, వాడి బెంచ్ మీద నేను చేసుకుంటా అనుకోకండి. వీసా పోతుంది, కేసు కూడా అవుతుంది.

సరే, పౌడర్.

తూటాలో నాలుగే నాలుగు భాగాలు. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల పౌడర్, పైన గుండు. మనం మాటల్లో మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం గానీ బుల్లెట్ అంటే నిజానికి ఎగిరే గుండు ఒక్కటే. సుత్తి లాంటిది ప్రైమర్‌ని కొడుతుంది, ప్రైమర్ నిప్పురవ్వ వేస్తుంది, పౌడర్ అంటుకుంటుంది, గ్యాస్ పుడుతుంది, గుండుని నెడుతుంది. అంతే.

దీపావళి టపాకాయల్లో ఉండేది నల్లమందు. సూరేకారం, గంధకం, బొగ్గు. పాతకాలం తుపాకుల్లోనూ అదే ఉండేది. పొగ ఎంత వస్తుందో మనకి తెలుసు, సీమటపాకాయల దండ కాలిస్తే వీధి కనపడదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియ్ అనే కెమిస్ట్ నైట్రోసెల్యులోజ్‌తో పొగ చాలా తక్కువ వచ్చే పౌడర్ తయారు చేశాడు. మూడేళ్ళకి ఆల్ఫ్రెడ్ నోబెల్ దానికి నైట్రోగ్లిజరిన్ కలిపి ఇంకో రకం తెచ్చాడు. ఈ రోజుకీ రెండే కుటుంబాలు. నైట్రోసెల్యులోజ్ ఒక్కటే ఉంటే సింగిల్ బేస్, నైట్రోగ్లిజరిన్ కూడా కలిస్తే డబుల్ బేస్. రివాల్వర్లలో వాడేవి ఎక్కువ డబుల్ బేసే. (సరదాగా ఒక మాట, మన ఇండియాలో పేలుడు పదార్థాల చట్టం వచ్చింది కూడా 1884లోనే.)

పేరు పౌడరే గానీ ముఖానికి రాసుకునే పౌడర్ లాగా ఉండదు. కొన్ని గసగసాల లాగా గుండ్రంగా ఉంటాయి, వాటిని బాల్ పౌడర్ అంటారు. కొన్ని కాగితం పంచ్ చేస్తే రాలే చిన్న బిళ్ళల లాగా ఉంటాయి, అవి ఫ్లేక్. కొన్ని సేమియా ముక్కల లాగా ఉంటాయి, అవి ఎక్కువగా రైఫిళ్ళలో వాడతారు. ఈ ఆకారాలు అందం కోసం కాదు. పొయ్యిలో దుంగ పెడితే గంట కాలుతుంది. అదే దుంగని చీల్చి పుల్లలు చేసి పెడితే భగ్గున అయిపోతుంది. చెక్క అదే, బరువు అదే, కాలే ఉపరితలం మారింది. పౌడర్ పలుకు సైజు, మందం, ఆకారం మారిస్తే కాలే వేగం మారుతుంది. దాని పైన కాలడాన్ని ఆపి ఆపి జరిగేలా చేసే ఒక రసాయనపు పూత కూడా వేస్తారు. పూత ఎక్కువైతే నెమ్మది.

ఇప్పుడు అసలు కిటుకు వినండి. ఈ పౌడర్‌ని బయట ప్లేటులో వేసి అంటిస్తే గట్టిగా మండుతుంది, పేలదు. మూసిన చోట అంటిస్తే ప్రెషర్ పెరుగుతుంది. ప్రెషర్ పెరిగితే ఇంకా వేగంగా కాలుతుంది. ఇంకా వేగంగా కాలితే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటాయి. అందుకే పౌడర్ పది శాతం పెంచితే ప్రెషర్ పది శాతమే పెరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు, అంతకన్నా బాగా ఎక్కువ పెరగొచ్చు. ఎంత ప్రెషర్ అంటే, మీ కారు టైరులో 32 పీఎస్ఐ ఉంటుంది కదా. .38 స్పెషల్ తూటాకి అమెరికా ఇండస్ట్రీ స్టాండర్డ్ పెట్టిన గరిష్ఠ పరిమితి 17,000 పీఎస్ఐ. .357 మాగ్నమ్‌కి 35,000. ఇదంతా మీ ముఖానికి రెండడుగుల దూరంలో, మీ చేతికి అంగుళం దూరంలో జరుగుతుంది.

ఇక ఆ తమ్ముడు చూసిన చార్టు. బర్న్ రేట్ చార్ట్ అంటారు, పౌడర్లన్నిటినీ ఫాస్ట్ నుంచి స్లో దాకా వరుసగా పేర్చి ఉంటుంది. ఫాస్ట్ వైపు బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్, కొంచెం కిందకి హెచ్‌పీ-38, ఇంకా కిందకి యూనిక్, బాగా కిందకి వస్తే 2400, హెచ్110. చూడటానికి ఎంత నీట్‌గా ఉంటుందో. మన ఎంసెట్ ర్యాంకుల లిస్టు లాగా అన్నమాట. మరి ఆలోచించండి, 500వ ర్యాంకు వాడికీ 501వ ర్యాంకు వాడికీ మార్కుల్లో తేడా ఎంత? లిస్టు చెప్పదు. అర మార్కు కావచ్చు, మూడు మార్కులు కావచ్చు. ఒకడికి ఫిజిక్స్‌లో ఎక్కువ, ఇంకొకడికి మ్యాథ్స్‌లో ఎక్కువ కావచ్చు. ర్యాంకు వరుస మాత్రమే చెబుతుంది, దూరం చెప్పదు.

పౌడర్ చార్టు కూడా అంతే. పైగా ఒక కంపెనీ చార్టులో ముందున్నది ఇంకో కంపెనీ చార్టులో వెనక ఉంటుంది, ఎందుకంటే వేగం అనేది పౌడర్ ఒక్కదాని గుణం కాదు. ఏ కేసులో పోశారు, గుండు ఎంత బరువు, ఎంత లోతుకి దించారు, ప్రైమర్ ఏది, అన్నిటినీ బట్టి మారుతుంది. గుండు మార్చగానే ఆ రెండు పౌడర్ల మధ్య తేడా కూడా మారిపోతుంది. కాబట్టి ఆ చార్టు దేనికి పనికొస్తుందంటే, "నా పనికి ఏ ఏరియాలో వెతకాలి" అని తెలుసుకోవడానికి. కొలత తీసుకోవడానికి ఎంతమాత్రం కాదు. చార్టు పెట్టినవాళ్ళే దాని కిందే ఆ మాట రాస్తారు. మనం కిందది చదవం, అదీ గొడవ.

ఇక్కడ ఒక తమాషా ఉంది. నిజంగానే ఒకటే అయిన పౌడర్లు కూడా ఉన్నాయి! హెచ్‌పీ-38 అని హాడ్జ్‌డన్ డబ్బా ఒకటి, 231 అని వించెస్టర్ డబ్బా ఒకటి. రెండూ ఒకటే పౌడర్. అలాగే హాడ్జ్‌డన్ హెచ్110, వించెస్టర్ 296, ఈ రెండూ ఒకటే. ఫ్లోరిడాలో సెయింట్ మార్క్స్ అనే ఫ్యాక్టరీలో తయారవుతాయి. వించెస్టర్ పేరుతో వచ్చే పౌడర్లని 2006 నుంచి అమ్ముతున్నది కూడా హాడ్జ్‌డన్ కంపెనీయే. వాళ్ళ డేటా తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే అంకెలు అవే ఉంటాయి. మెడికల్ షాపులో ఒకే పారాసెటమాల్ రెండు కంపెనీల స్ట్రిప్పుల్లో రెండు రేట్లకి దొరికినట్టు. అందుకే ఆ తమ్ముడికి నేను మొదట అడిగింది "పక్కన వించెస్టర్ 231 ఉందేమో చూడు" అని. లేదన్నాడు.

ఒకటే అని తెలిసినా నేను మాత్రం డబ్బా మీద ఏ పేరుందో ఆ పేరుతో ఉన్న డేటానే చూస్తాను. చాదస్తం అనుకోండి, పర్లేదు. ఒకే పేరున్న డబ్బాలో కూడా ఒక లాట్‌కీ ఇంకో లాట్‌కీ చిన్న తేడా ఉంటుంది. మనలాంటి వాళ్ళకి అమ్మే పౌడర్‌ని కంపెనీలు కలిపి సరిచూసి ఆ తేడాని తక్కువలో ఉంచుతాయి, కానీ సున్నా చేయవు. కొత్త డబ్బా తెరిస్తే మళ్ళీ మొదటి నుంచి చెక్ చేసుకోవాలి.

దీనికి రివర్స్ కూడా ఉంది, అదే ప్రమాదం. పేర్లు ఒకేలా ఉండి పౌడర్లు వేరైనవి. హాడ్జ్‌డన్‌లోనే క్లేస్, ఇంటర్నేషనల్ క్లేస్, యూనివర్సల్ క్లేస్ అని మూడు పేర్లు నడిచాయి. మూడింటి వేగం వేరు, క్లేస్ బాగా ఫాస్ట్, యూనివర్సల్ బాగా నెమ్మది. ఎవరైనా ఫోన్‌లో "క్లేస్ వేశాను, బాగుంది" అని కొలత చెబితే ఏ క్లేస్ అని అడగాలి. రైఫిల్ వైపు వెళ్తే ఐఎంఆర్ 4350, హెచ్4350, యాక్యురేట్ 4350 అని మూడు ఉన్నాయి. నంబర్ ఒకటే, పౌడర్లు మూడు. అందుకే పేరు చెప్పేటప్పుడు ముందు అక్షరం దగ్గర నుంచి చివరి అంకె దాకా పూర్తిగా చెప్పాలి. సగం పేరు చెప్పిన సలహా సలహా కాదు.

ఇప్పుడు రివాల్వర్‌కి మాత్రమే ఉన్న ఇబ్బందికి వద్దాం. .38 స్పెషల్ అనే తూటా 1890ల చివర్లో వచ్చింది, నల్లమందు కోసం డిజైన్ చేసింది. నల్లమందు చాలా పట్టాలి కాబట్టి కేసు పొడుగ్గా చేశారు. తర్వాత పొగలేని పౌడర్ వచ్చింది, దానిది బలం ఎక్కువ, కొంచెమే చాలు. కేసు మాత్రం అదే పొడుగు ఉండిపోయింది. ఇప్పుడు టైట్‌గ్రూప్, బుల్స్‌ఐ లాంటి ఫాస్ట్ పౌడర్ మామూలు టార్గెట్ లోడ్‌కి వేస్తే గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. కేసు అడుగున ఎక్కడో ఉంటుంది, స్టీలు గ్లాసు అడుగున మిగిలిన రెండు గుక్కల మజ్జిగ లాగా.

దీనివల్ల రెండు గొడవలు. చిన్నది ముందు చెప్తాను. కేసులో ఖాళీ ఎక్కువ కాబట్టి తుపాకీ కిందకి వంచి పైకెత్తితే పౌడర్ ముందుకి జారుతుంది, పైకెత్తి కిందకి దించితే ప్రైమర్ వైపు చేరుతుంది. ప్రైమర్‌కి దగ్గరగా ఉన్నప్పుడు ఒక వేగం, దూరంగా ఉన్నప్పుడు ఇంకో వేగం వస్తుంది. క్రోనోగ్రాఫ్ పెట్టి కొలిస్తే తేడా క్లియర్‌గా కనపడుతుంది. ఈ విషయంలో టైట్‌గ్రూప్ మంచిదే, ఎటు జారినా పెద్దగా మారదని కంపెనీ చెప్పుకునేది అందుకే. నా అనుభవంలో కూడా ఆ మాట నిజమే. కాకపోతే బాగా వేడిగా కాలుతుంది, యాభై రౌండ్లు కాల్చాక సిలిండర్ ముట్టుకుంటే తెలుస్తుంది.

పెద్ద గొడవ డబుల్ చార్జ్. ఒక కేసులో పౌడర్ పోశారు, ఫోన్ మోగింది, మాట్లాడి వచ్చారు, అదే కేసులో మళ్ళీ పోశారు. పౌడర్ ఎక్కువ చోటు తీసుకునేదైతే రెండోసారి పోసినప్పుడు పొంగి బయటకి వస్తుంది, మీకే తెలిసిపోతుంది. టైట్‌గ్రూప్ లాంటిది .38 కేసులో రెండుసార్లు పోసినా ఇంకా ఖాళీ మిగులుతుంది. పైన గుండు చక్కగా కూర్చుంటుంది. బయట నుంచి చూస్తే ఆ తూటాకీ మిగతా వాటికీ ఏ తేడా లేదు. ఇందాక చెప్పాను కదా ప్రెషర్ ప్రెషర్‌ని ఎగదోస్తుందని, ఇక్కడ అదే జరుగుతుంది. సిలిండర్ గోడ చీలుతుంది, దాని పైనున్న ఫ్రేమ్ పట్టీ ఎగిరిపోతుంది.

అందుకే "ఏది బెస్ట్ పౌడర్ అన్నా?" అని అడిగే కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: వేగం, రేటు పక్కన పెట్టండి, కేసు ఎంత నిండుతుందో చూడండి. ఆ లెక్కన .38లో మొదలుపెట్టేవాళ్ళకి టైట్‌గ్రూప్ కన్నా యూనిక్ మేలని నా అభిప్రాయం. 1900 నాటి పౌడర్ అది, పెద్ద పెద్ద బిళ్ళలు, కొలిచే మెషిన్‌లో బాల్ పౌడర్ దిగినంత సాఫీగా దిగదు, కొంచెం మసి కూడా వదులుతుంది. అందరూ దాని మీద కంప్లైంట్ చేస్తారు. కానీ చోటు ఎక్కువ తీసుకుంటుంది, ఎక్కువ పడితే కంటికి కనపడుతుంది. మసి తుడుచుకోవచ్చు.

ఇప్పటిదాకా ఎక్కువైతే ప్రమాదం అనే మాట్లాడాం. మరి తక్కువ వేస్తే సేఫే కదా? మనలో చాలామందికి అది కామన్‌సెన్స్. ఉప్పు తక్కువైతే తర్వాత వేసుకోవచ్చు, ఎక్కువైతే తీయలేం అని అమ్మ చెప్పిన లెక్క. ఇక్కడ ఆ లెక్క పనిచేయని పౌడర్ ఒకటుంది. ఇందాక చెప్పిన హెచ్110, అంటే వించెస్టర్ 296 కూడా.

దీనికి ముందు మాగ్నమ్‌లు ఎందుకొచ్చాయో ఒక్క నిమిషం. 1935లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ .357 మాగ్నమ్ తెచ్చింది. .38 కేసునే అంగుళంలో ఎనిమిదో వంతుకి కాస్త ఎక్కువ పొడిగించారు, పాత బలహీనమైన రివాల్వర్లలో పట్టకుండా ఉండాలని. బరువైన గుండుని చాలా వేగంగా పంపాలంటే ఫాస్ట్ పౌడర్ పనికిరాదు. స్టార్ట్ కాని ఆటోని కాలితో ఒక్క తన్ను తన్నితే కదలదు, తన్నినవాడి కాలే విరుగుతుంది. భుజం పెట్టి దూరం దాకా నెట్టుకుంటూ పోతే స్పీడ్ అందుకుంటుంది. అలా గుండు బ్యారెల్‌లో పోతున్నంతసేపూ నెడుతూ ఉండే స్లో పౌడర్ కావాలి. 1930ల్లో హెర్క్యులస్ కంపెనీ తెచ్చిన 2400 ఆ పనికి పేరు తెచ్చుకుంది. ఐడహోలో ఎల్మర్ కీత్ అనే ఆయన .44 స్పెషల్‌లో 2400 వేసి ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశాడు, కంపెనీల వెంటపడ్డాడు, చివరికి 1950ల మధ్యలో .44 మాగ్నమ్ వచ్చింది. 2400ని తర్వాత అలయంట్ పేరుతో కూడా అమ్మారు.

చార్టులో చూస్తే 2400, హెచ్110 ఇరుగుపొరుగు. రెండూ స్లో, రెండూ మాగ్నమ్‌కే. పోలికలు అక్కడితో సరి. 2400 మాట వింటుంది. మాన్యువల్‌లో ఉన్న పరిధి వెడల్పుగా ఉంటుంది, మొదటి లోడ్ నుంచి గరిష్ఠం దాకా నిదానంగా వెళ్ళొచ్చు. మామూలు ప్రైమర్‌తో చక్కగా అంటుకుంటుంది. హెచ్110 అలా కాదు. సన్నటి బాల్ పౌడర్, పూత గట్టిగా ఉంటుంది, అంటుకోవడానికి మొరాయిస్తుంది. దానికి మాగ్నమ్ ప్రైమర్ కావాలి. కేసు దాదాపు నిండాలి. గుండు తొందరగా వదిలిపోకుండా కేసు అంచుని గట్టిగా నొక్కి బిగించాలి, దాన్ని క్రింప్ అంటారు. ఇవన్నీ కుదిరి ప్రెషర్ లేస్తేనే అది సరిగ్గా కాలుతుంది. కుదిరితే మాత్రం మాగ్నమ్‌లో దానంత వేగం ఇచ్చేవి తక్కువ, మెషిన్‌లో నీళ్ళలా దిగుతుంది.

మామూలు పౌడర్లకి అందరూ చెప్పే సలహా ఏంటి? గరిష్ఠం కన్నా పది శాతం తగ్గించి మొదలుపెట్టు అని. హెచ్110కి హాడ్జ్‌డన్ డేటాలోనే ప్రత్యేకంగా వార్నింగ్ ఉంటుంది: ఇచ్చిన కొలత కన్నా 3 శాతానికి మించి తగ్గించకూడదు. పది కాదు, మూడు! తగ్గిస్తే ఏమవుతుంది? ప్రైమర్ పేలుతుంది, పౌడర్ కొంత అంటుకుని కొంత అంటుకోక తడబడుతుంది. ఆ కాస్త గ్యాస్‌కి గుండు కేసులోంచి లేచి బ్యారెల్ సగంలో ఇరుక్కుంటుంది.

ఇరుక్కుంటే ఇరుక్కుంది, తీసేద్దాం అనుకోవచ్చు. ప్రమాదం అక్కడ కాదు, తర్వాతి షాట్‌లో. ఆటోమేటిక్ పిస్టల్ అయితే బలహీనమైన షాట్‌కి స్లైడ్ వెనక్కి పూర్తిగా రాదు, తర్వాతి తూటా ఎక్కదు, చాలాసార్లు తుపాకీయే ఆగిపోతుంది. రివాల్వర్‌కి ఆ రక్షణ లేదు. సిలిండర్ తిప్పేది మీ వేలే. మొదటి తూటా బాగా పేలిందా లేదా అని దానికి పట్టదు. ట్రిగ్గర్ నొక్కితే రెండో తూటా ఎదురుగా వచ్చి నిలబడుతుంది. పక్కన నలుగురు కాలుస్తున్న రేంజ్‌లో, చెవులకి మఫ్‌లు పెట్టుకుని, "టప్" అనే చిన్న శబ్దం మీరు గమనించకపోతే రెండో గుండు వెళ్ళి మొదటి దానికి కొట్టుకుంటుంది. నేను వెళ్ళే రేంజ్‌లో ఒక పెద్దాయన అలాంటి బ్యారెల్ ఒకటి దాచుకున్నాడు, కొత్తగా వచ్చినవాళ్ళకి చూపిస్తాడు. మధ్యలో ఉంగరం తొడిగినట్టు ఉబ్బి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. అది ఉబ్బడంతో సరిపోయింది, ఆయన అదృష్టం. చీలొచ్చు కూడా.

కాబట్టి ఎప్పుడైనా శబ్దం తక్కువగా వచ్చినా, చేతికి తన్ను తక్కువగా అనిపించినా వెంటనే ఆపండి. తుపాకీ మూతి టార్గెట్ వైపే ఉంచి కాసేపు ఆగండి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. తర్వాత సిలిండర్ తెరిచి అన్నీ బయటకి తీసి, అప్పుడు బ్యారెల్‌లోకి వెలుగు కనపడుతోందా చూడండి. పక్కవాడు నవ్వినా పర్లేదు.

చూశారా, బుల్స్‌ఐ, టైట్‌గ్రూప్ వైపు భయం ఎక్కువ పడటం గురించి. హెచ్110 వైపు భయం తక్కువ పడటం గురించి కూడా. ఒకదాని మీద నేర్చుకున్న జాగ్రత్తని ఇంకోదానికి తీసుకెళ్తే అదే ప్రమాదం. 2400 వాడి వాడి అలవాటైనవాడు హెచ్110 కొని, "మొదటిసారి కదా, బాగా తగ్గించి వేద్దాం" అనుకుంటాడు. జాగ్రత్తపరుడే, పాపం. ఆ జాగ్రత్తే కొంప ముంచుతుంది.

బెంచ్ దగ్గర నా పద్ధతి కూడా చెప్పేస్తాను, పెద్ద విద్యేం కాదు. బల్ల మీద ఒక్క పౌడర్ డబ్బానే ఉంటుంది, రెండోది గదిలోనే ఉండదు. కొలిచే మెషిన్‌లో మిగిలిన పౌడర్ ఆ రోజే అదే డబ్బాలోకి వెళ్ళిపోతుంది. వారం తర్వాత వచ్చి చూసి "ఇదేదబ్బా" అనుకునే పరిస్థితి వస్తే దాన్ని వాడను, పారేయడమే. రంగు చూసి, పలుకు చూసి గుర్తుపట్టగలను అనేవాళ్ళని నమ్మకండి. నల్లటి బాల్ పౌడర్లు డజను ఉన్నాయి, అన్నీ కవలపిల్లల లాగే ఉంటాయి. యాభై కేసులు ట్రేలో నిలబెట్టి, అన్నిట్లో పోశాక, గుండ్లు పెట్టకముందు టార్చ్ వేసి ఒక్కొక్క దాంట్లోకి చూస్తాను. ఒకదాంట్లో మట్టం తేడాగా కనపడితే ఆ కేసు ఖాళీ చేసి మళ్ళీ కొలుస్తాను. ఫోన్ వేరే గదిలో ఉంటుంది. మీ వయసు వాళ్ళకి ఇదే కష్టం అనుకుంటా.

పాత డబ్బాల గురించి ఒక్క మాట. గరాజ్ సేల్‌లో సగం నిండిన డబ్బాలు చవగ్గా దొరుకుతాయి. 2020, 2021లో పౌడర్ దొరకనప్పుడు జనం అవి కూడా ఎగబడి కొన్నారు. మూత ఒకసారి తెరిచిన డబ్బాలో, పైన పేరున్న పౌడరే ఉందని ఎవరు చెప్పాలి? నేనైతే ఊరికే ఇచ్చినా తీసుకోను. పాడైన పౌడర్ ఘాటుగా ఆమ్లం వాసన వేస్తుంది, ఎర్రటి పొగ లాంటిది కూడా కనపడొచ్చు. బాగున్న పౌడర్‌కి ఆ ఘాటు ఉండదు.

ఇంతసేపు మాట్లాడినా నేను ఒక్క లోడ్‌కి కూడా గ్రెయిన్లలో కొలత చెప్పలేదు, గమనించారా? కావాలనే. వీడియోలో విన్న అంకె, స్క్రీన్‌షాట్ తీసిన అంకె, ఫ్రెండ్ ఫార్వర్డ్ చేసిన అంకె ఏదీ వద్దు. ఒక గ్రెయిన్ అంటే 65 మిల్లీగ్రాములు కూడా ఉండదు, పౌండుకి 7,000 గ్రెయిన్లు. అందులో పదో వంతు లెక్కలోకి వచ్చే పనిలో చుక్క అటు ఇటైన అంకె చాలు. పౌడర్ తయారీదారు డేటా వాళ్ళ సైట్‌లో ఫ్రీగానే ఉంటుంది. తూటా పేరు కొట్టి, గుండు బరువు కొట్టి, పౌడర్ పేరు కొట్టండి, వస్తుంది. గుండు రకం కూడా చూడాలి. సీసం గుండుకీ రాగి తొడుగున్న గుండుకీ బరువు ఒకటే అయినా కొలత వేరు.

చివరికి ఆ తమ్ముడికి ఏం చెప్పానంటే, టైట్‌గ్రూప్ మంచి పౌడరే, కొనుక్కో. కానీ నీ హెచ్‌పీ-38 నోట్‌బుక్ మూసేయ్, అందులో ఒక్క అంకె కూడా దీనికి పనికిరాదు. హాడ్జ్‌డన్ డేటాలో .38 స్పెషల్, నీ 158 గ్రెయిన్ల సీసం గుండు, టైట్‌గ్రూప్ అని ఉన్న లైన్ తియ్యి. అందులో స్టార్టింగ్ లోడ్ దగ్గర మొదలుపెట్టు, పది తూటాలే చెయ్యి, కాల్చి కేసులు చూసుకో, తర్వాత సంగతి తర్వాత. టార్చ్ మాత్రం హెచ్‌పీ-38కి వేసినదానికన్నా జాగ్రత్తగా వెయ్యి, ఇది కేసులో ఇంకా అడుక్కి ఉంటుంది. నిన్న మళ్ళీ మెసేజ్ పెట్టాడు, పది చేశాడట, అందులో ఒక కేసులో మట్టం ఎత్తుగా కనపడితే తీసి పక్కన పెట్టాడట.

వచ్చే ఎపిసోడ్‌లో క్రింప్ గురించి మాట్లాడదాం. తేలికపాటి రివాల్వర్లలో గుండ్లు తన్నుకి ముందుకి జరిగి సిలిండర్ తిరగకుండా ఎందుకు ఇరుక్కుంటాయో చూపిస్తాను. ఉంటానండీ.